పదిహేడో ప్రశ్న

మొదటిసారి వెళ్ళింది ఫిబ్రవరిలో.
చిల్వా సరస్సు రెల్లు దాటి పొంగింది.
మొక్కజొన్న కంకి ఇంకా పాలు పట్టలేదు.
ట్యాబ్‌లో నూట నలభై రెండు ప్రశ్నలు.

పదిహేడోది:
గడిచిన ఏడు రోజుల్లో ఎన్ని పూటలు తిన్నారు?
ఎనెలెసి వేళ్ళు ముడుస్తూ లెక్కపెట్టింది,
బుధవారం దగ్గర ఆగింది.
"మామిడికాయలు పూటేనా?"
మాన్యువల్ తిరగేశాను.
పూట కాదట.

ఇంటి పైకప్పు దేనితో వేశారు?
తలెత్తితే గడ్డి, గడ్డి సందుల్లో ఆకాశం.
కంటికి కనబడేది కూడా అడగాలి మేము.
ఎవరికైనా బాకీ ఉన్నారా?
"పక్కింటి ఫాలెసికి రెండు చేటల పిండి.
చర్చి పెద్దకి ఒక సబ్బు బిళ్ళ.
మా అక్కకి ఒక కాన్పు."
కాన్పుని క్వాచాల్లోకి ఎలా మార్చాలో
శిక్షణలో చెప్పలేదు.
"ఇతరములు" నొక్కి ముందుకు పోయాను.

తర్వాత జోంబాలో, ఫ్యాను తిరిగే గదిలో
కంప్యూటరు చీటీలు తీసింది.
ఎనెలెసికి డబ్బు వచ్చింది, ఫాలెసికి రాలేదు.
ఇస్తే ఏమవుతుందో తెలియాలంటే
ఇవ్వని ఇల్లొకటి ఉండాలి కదా, అన్నారు సార్.
అందులో తప్పు లేదు.
నేను చాలా వెతికాను.

నేనుండేది బ్లాంటైర్‌లో, ఎన్డిరాండే కొండవాలున
గోడకి గోడ ఆనించిన గదుల్లో ఒకదాంట్లో.
నీళ్ళు బకెట్ లెక్కన కొంటాను,
బొగ్గు డబ్బా లెక్కన,
నిద్ర మాత్రం పక్కగది రేడియో దయ.
ఒక రాత్రి మినీబస్సులో తిరిగొస్తూ
ఆ ప్రశ్నలన్నీ నన్ను నేనే అడుక్కున్నాను.
నలభయ్యోది దాటేసరికి దిగాల్సిన చోటు దాటిపోయింది.
జీతం పడిన వారం రేఖకి పైన ఉన్నాను,
మూడో వారం కింద.
ఆ గీత గీసినవాళ్ళు
ఏ ఒకటో తారీఖునో గీసి ఉంటారు.

ఏడాది తిరిగాక మళ్ళీ వెళ్ళాను.
ఎనెలెసి ఇంటి మీద పన్నెండు రేకులు,
ఎండకి చూడలేనంత కొత్తవి.
సంబరంగా అంకె కొట్టాను.
"మేకులకి ఎంతయింది?"
"మేకులు ఫాలెసివి. కోడిని అమ్మి తెచ్చింది."
లోపల ఫాలెసి పిల్లలు నలుగురు, చాప మీద.
మూలన ఆమె జొన్నబస్తా,
తన ఇల్లు కారుతోందని.
దంచిన పిండి ఇద్దరిదీ ఒకే చేటలో.

సార్‌కి ఫోన్ చేశాను.
"కంట్రోల్ ఇల్లు కలుషితమైంది," అన్నారు.
ఆయన మంచివాడే. గొంతులో నిజంగా దిగులుంది,
మూడేళ్ళ పని మరి.
"ఏమంటున్నాడు?" అంది ఎనెలెసి.
నీళ్ళకి వాడే ఆ మాటని
ఆ ఇద్దరి మొహాల మీద ఎలా వెయ్యను?
"మీ లెక్కలు కలిసిపోయాయట."
ఫాలెసి చేట చెరుగుతూనే ఉంది.
"కలవకపోతే, నా రెండు చేటలు
ఇది ఎప్పటికి తీర్చేది?"

అప్పుడు పడింది వాన.
ముందు ఒక చినుకు, గులకరాయి విసిరినట్టు.
ఆపైన రేకుల మీద
ఊరంతా కలిసి దంచుతున్న రోలు.
పదిహేడో ప్రశ్న అడిగాను.
ఎనెలెసి చెవి దగ్గర చెయ్యి పెట్టింది.
ఇంకా గట్టిగా అరిచాను, ఏడు రోజుల్లో!
చిన్నపిల్ల నవ్వింది, ఆపైన అందరూ.
ఫాలెసి నా దోసిట్లో వేయించిన పల్లీలు పోసింది.
పల్లీలు పూటేనా అని
ఎవరినీ అడగలేదు నేను.
ట్యాబ్ వెలుగు దానంతటదే ఆరిపోయింది.

చీకటిపడి తెరిపిచ్చాక
వ్యాఖ్యల గడిలో రాశాను:
కొత్త పైకప్పు. వాన.
పదిహేడు వినపడలేదు.
మళ్ళీ రావాలి.