ఏడో పిల్లి

అవెల్లనేదాలో రెండు స్టేడియాలు.
మధ్య దూరం ఒక సిగరెట్టు కాలేంత.
మేం ఎర్రవాళ్లం. వాళ్లు ఆకాశనీలం.
రొట్టెల కొట్టొకటే, మంగలి ఒకడే,
చివరికి పడుకునే స్మశానమూ ఒకటే.

మా తాతల నాడు ఎవరో రాత్రికి రాత్రి
వాళ్ల గోలు వెనక ఏడు నల్లపిల్లుల్ని పాతిపెట్టారట.
ఆ తర్వాత ఏళ్లూ పూళ్లూ కప్పు మొహం చూడలేదట వాళ్లు.
తవ్వితే ఆరే దొరికాయట.
ఎంత నిజమో పిల్లులకే తెలియాలి.

నాకప్పుడు పంతొమ్మిది.
బల్తసార్‌తో పందెం కాశానని అందరికీ చెప్పాను.
అబద్ధం. ఎవరూ కాయలేదు.
నేనే కుట్టించుకున్నాను ఆ ఎర్రచొక్కా,
వీపు మీద వరసగా ఏడు పిల్లులు,
ఆఖరిదానికి పసుప్పచ్చ కళ్లు,
కింద లావుపాటి అక్షరాల్లో:
"ఇంకోటి ఎక్కడుందో నాకు తెలుసు."
అచ్చువేసినవాడు డబ్బు ముందే పుచ్చుకున్నాడు.
"తర్వాత ఇచ్చే స్థితిలో ఉంటావో ఉండవో" అన్నాడు.

ఆగస్టు చలి. వాళ్ల మైదానం.
అవతలి జట్టువాళ్లకి టికెట్లు అమ్మని రోజులు.
మా బావ ఎవరి దగ్గరో ఎరువు తెచ్చిన సభ్యత్వకార్డు,
పైన నల్లకోటు.
గేటు దగ్గర పోలీసు చేతులు నా ఒళ్లంతా తడిమాయి,
సీసాల కోసం, కత్తుల కోసం.
గుడ్డని ఎవడు వెతుకుతాడు?

డప్పులు. చించిన కాగితాల వాన.
పాటకి సిమెంటు మెట్లు ఊగుతున్నాయి.
పదకొండో నిమిషంలో కోటు విప్పాను.

చప్పుడు ముందు నా వెనక వరసలో చచ్చింది,
తర్వాత దాని వెనక వరసలో.
మెట్టు మెట్టుకీ ఆగి
ఒక్కో పిల్లినీ లెక్కపెట్టుకుంటూ
పైకి ఎక్కిపోతోంది నిశ్శబ్దం.
ఎవడి చేతిలోనో వేరుశనగల పొట్లం నలిగింది.
వీపుకి కళ్లుండవని అప్పుడు తెలిసొచ్చింది.
నేను రాయించుకున్న మాట
నేను తప్ప అందరూ చదువుతున్నారు.

మొదటి దెబ్బ చెవి మీద.
రెండోదీ అక్కడే.
రెండూ ఒకే చెయ్యి, ముసలి చెయ్యి, ఉల్లిపాయ వాసన.
"మా చెల్లెలి మనవడు! బుర్రలేని వెధవ!
ఉండు, మీ అమ్మతో చెప్తాను!"
నాలుగు వరసలకి వినబడేలా అరిచి
తన నీలం రెయిన్‌కోటు నా నెత్తిమీంచి దించి
జిప్పు గడ్డం దాకా లాగింది, చర్మంతో సహా.
అంతకుముందు ఆవిణ్ణి నేను చూసెరగను.

ఎవరో నవ్వారు.
నవ్వినవాడికి మళ్లీ కోపం తెచ్చుకోవడం కష్టం.
ఇంకెవరో నా మెడ మీద ఉమ్మి సరిపెట్టుకున్నారు.
నా నల్లకోటు మాత్రం అప్పటికే చేతులు మారి
ఏ మెట్టెక్కిందో.

మిగతా ఆటంతా ఆవిడ పక్కనే నిలబడ్డాను.
తను పీల్చిన గొట్టంతోనే నాకూ మాతే తాగించింది.
చక్కెర లేదు. చేదు విషం.
అరవై మూడో నిమిషంలో మావాళ్లు గోలు కొట్టారు.
అరుపు కొండనాలుక దాకా వచ్చింది.
ఆవిడ నా మణికట్టు పట్టుకుంది, గోళ్లు దిగేలా.
మింగాను.
ఇప్పటికీ అరగలేదు.

బయట, రైలు వంతెన కింద, దణ్ణం పెట్టినంత పని చేశాను.
"నీ కోసమనుకున్నావా?" అంది దోన్యా ఎర్మిందా.
"ఇక్కడ నెత్తురు చిందితే
ఐదాటల పాటు గేట్లకి తాళం వేస్తారు.
ఆదివారాలు నేనెక్కడికి పోను?"
రెయిన్‌కోటు తీసేసుకుంది. చొక్కా కూడా విప్పించింది.
"మసిగుడ్డకి పనికొస్తుంది."
బనియన్‌తో ఇంటికి నడిచాను,
పళ్లు టకటకలాడుతుంటే.

ఆవిడ ఇల్లు ఇప్పుడు నాకు తెలుసు.
మూడో అంతస్తు, వెనకవైపు.
సోమవారం పనికి పోతూ తలెత్తి చూస్తాను.
దండెం మీద ఎర్రగుడ్డ, నూనె మరకలు.
పోయిన నెల ఐదు పిల్లులున్నాయి. ఇవాళ నాలుగు.
అక్షరాలు ఏనాడో వెలిసిపోయాయి.
పసుప్పచ్చ కళ్లది మాత్రం వదలలేదు.
గాలికి గుడ్డ ఇటు తిరిగినప్పుడు
కింద వీధిలో ఎవరు పోతున్నారో చూస్తుంది.