తొమ్మిదో నంబరు

వరసగా ఏడో ఆట పోయింది.
రాయగడ అరవై ఒకటి, మనం ముప్పై ఎనిమిది.
గుణుపురంలో వీధిదీపాలింకా వెలగలేదు,
నా కుట్టుమిషను ముందు బల్ల మీద మాత్రం
బాస్కెట్‌బాల్ జట్టు మొత్తం అమ్మకానికొచ్చేసింది.

"ఆ పొడుగోడ్ని పర్లాకిమిడికి ఇచ్చీ" అంటాడు కింతలి దాలయ్య,
మూఢీలో ఉల్లిపాయ ముక్కలేరుకుంటూ.
"ఆల కాడున్న పిల్లికళ్ళ గార్డునీ, ఇంకో గుంటడ్నీ తెచ్చీమను.
ఒకడికి ఇద్దరు!"
"ఎద్దునిచ్చి రెండు దూడల్ని తోలుకొత్తావేటి?
దున్నకం ఎవులు సేత్తారు?"
బైరాగి సాహు తెలుగులో మొదలెట్టి, ఒడియాలో తిట్టి,
మళ్ళీ తెలుగులోకొచ్చి కూర్చుంటాడు.
ఈ ఊళ్ళో కోపం ఒక్క భాషకి సరిపోదు.

తవిటినాయుడు మాస్టారిది ఇంకో దారి.
"ముసలాళ్ళనందర్నీ తీసీండి.
హైస్కూలు గుంటల్ని దింపండి.
రెండేళ్ళు ఓడిపోదాం. మూడో ఏడు చూడండి."
రెండేళ్ళా, అని దాలయ్య గుండె పట్టుకున్నాడు.
బైపాసయి ఆర్నెల్లు.
నవ్వాలో వద్దో తెలీక అందరం టీ తాగాం.

ముసలాళ్ళంటే ఇరవయ్యారేళ్ళ వాళ్ళు.

నేనేం మాట్లాడలేదు.
ఆడమనిషికి ఆటేం తెలుస్తుందని వాళ్ళూ అడగలేదు.
నా మెడలో టేపుంది.
ఎవడి నడుం వదులైందో,
ఎవడు ఎడం భుజం దించి నిలబడుతున్నాడో
బల్ల మీది బేరాలకన్నా ముందు దీనికి తెలుసు.
పొడుగోడు, జిబన్ రైకా, కొండ దిగొచ్చిన సవర కుర్రాడు,
ఈ వానలు ముగిసేలోపు రెండంగుళాలు పెరిగాడు.
నిక్కరంచు రెండుసార్లు విప్పి దించాను.
ఇంక దించడానికి గుడ్డ లేదు.
నిన్నటి చెయ్యి కాదు కదా ఇవాళ చాచేది,
బంతి కాస్త ముందో వెనకో తగులుతుంది.
ఈ మాట చెప్పొచ్చు.
చెప్పలేదు.

ఏ బేరమైనా కుదిరిందంటే
చివరికి నా దగ్గరికే వస్తుంది.
చొక్కా తెచ్చి పడేస్తారు, నంబరిప్పీ అమ్మా, అని.
బ్లేడు మొనతో ఒక్కో కుట్టూ తెంపాలి,
లాగితే గుడ్డ చిరుగుతుంది.
అంకె ఊడొస్తుంది.
దాని కింద నీలం ఇంకా ముదురుగా,
గడ్డివామి ఎత్తేసిన చోట నేలలా.
సూది చిల్లులు ఉండిపోతాయి.
వేసుకున్న వాడికి కనపడవు,
వీపు చూసేదాన్ని, నాకు కనపడతాయి.

ఏడున్నరకి కరెంటు పోయింది.
చీకట్లో బేరాలు ఇంకా బలిశాయి.
జయపురం నుంచి ఒకడు, భవానీపట్నం నుంచి ఒకడు,
ఎవరి డబ్బుతో అని ఎవరూ అడగలేదు.
సంఘం డబ్బాలో ఉన్నది రెండు వేల మూడొందలు,
అందులో నా కుట్టుకూలి బాకీ.
అయినా కొత్త అయిదుగురితో రాయగడని ఓడించేశాం,
ఊరేగింపు వంశధార వంతెన దాకా వెళ్ళింది కూడా.

కరెంటొచ్చింది.

గుమ్మంలో జిబన్.
ఎప్పటినుంచున్నాడో.
తల వంచి నిలబడ్డాడు, మా గుమ్మం పొట్టిది.
చేతిలో తొమ్మిదో నంబరు చొక్కా,
చంక దగ్గర చిరిగింది.

దాలయ్య మూఢీ పొట్లం అటు జరిపాడు.
"తిను బావూ. ఆదోరం నాడు ఫ్రీ త్రోలు ఒగ్గీకు."
"రెండంగుళాలు పెరిగేను" అన్నాడు కుర్రాడు,
నా వైపే చూస్తూ,
ఎవరో అడిగినట్టు.

బ్లేడు డబ్బాలో పడేశాను.
నీలం దారం ఉండ వెతికి
సూది దీపానికెత్తి పట్టుకునేసరికి
వెనకనుంచి బైరాగి, గొంతు బాగా తగ్గించి:
"మరైతే ఆ ఆరో నంబరోడి సంగతేటి?"