వెనక తలుపు

క్లబ్బుకు నూరేళ్ళు.
నిండాయి అనకూడదు, నడుస్తున్నాయి అనాలి.
చరిత్ర నన్ను రాయమన్నారు,
ముప్పై ఏళ్ళు తపాలా సంచి మోసినవాణ్ణి,
ఎవరి రాతైనా చదవగలనని.

అటక మీద రేకుపెట్టె. తెరిస్తే
చెమ్మ పట్టిన ఉప్పు వాసన, పదకొండు మినిట్స్ పుస్తకాలు.
ఈ వెల్ష్ తీరం గాలికి ఇనుమే నిలవదు,
కాగితం ఎలా నిలిచిందో.

1908 మార్చి, నాలుగో అంశం:
"వృత్తి ఆటగాడిగా ఎమ్లిన్ ప్రోథెరో నియామకం.
వారానికి ఇరవై రెండు షిల్లింగులు, ఒక షెడ్డు, చలికాలం బొగ్గు.
ముందు తలుపు వాడరాదు."
ఐదో అంశం: టీ గదికి కొత్త కర్టెన్లు.
అదే సిరా, అదే పాళీ.
రాసిన చెయ్యి ఎక్కడా తడబడలేదు.

పలకరాయి క్వారీలో కొండని చీల్చినవాడి కొడుకు
ఇక్కడ హికరీ కర్ర చెక్కాడు.
పొద్దున్నే వెదురు బద్దతో పచ్చిక మీద మంచు దులిపేవాడు,
మధ్యాహ్నం బ్యాంకు మేనేజరు భార్యకి
మణికట్టు తిప్పడం నేర్పేవాడు,
రాత్రి లాంతరు కింద
విరిగిన కర్రలకి తారు దారం చుట్టేవాడు.
జడ్జిగారి భుజాలు పట్టుకుని
"అలా కాదు, ఇలా" అనగలడు.
జడ్జిగారి బల్ల దగ్గర కుర్చీ లాక్కోలేడు.

హాల్లో బంగారు అక్షరాల బోర్డు ఉంది.
పేరు ముందు మిస్టర్ ఉంటే సరదాకి ఆడినవాడు,
లేకపోతే పొట్టకి.
చదివి చూడండి, అందరూ మిస్టర్లే.

1912 ఆగస్టు పేజీ తిప్పగానే
ఏదో జారి ఒళ్ళో పడింది.
ఇన్నాళ్ళూ పేజీకి గుర్తుగా పనిచేసిన స్కోరు కార్డు.
అరవై తొమ్మిది. పెన్సిలు అంకెలు.
సాక్షి సంతకం: ఇద్వాల్, రొట్టెల బండి కుర్రాడు.
తీర్మానం: "ఆ రోజు జెండాలు
సరైన చోట లేవు గనుక గుర్తించలేము."
మరుసటేడు మిస్టర్ హాల్డేన్ ప్యూ డెబ్భై రెండు కొడితే
జెండాలెక్కడున్నాయో ఎవరూ అడగలేదు.

తర్వాత యుద్ధం. పచ్చిక మీద గొర్రెలు.
పందొమ్మిదిలో తిరిగొచ్చాడు, ఎడమ చేతికి మూడు వేళ్ళతో.
జీతం తగ్గించాలని ప్రతిపాదన.
ఒక్క ఓటుతో వీగిపోయింది.
ఆ ఓటు ఎవరిదో రాయలేదు, ఎంత వెతికానో.
మిగిలిన వేళ్ళకి తగ్గట్టు పట్టు మార్చుకుని
పాతికేళ్ళు పాఠాలు చెప్పాడు.

1937లో ముందు తలుపు తెరిచారు ఆయనకి.
బూట్లు తుడుచుకుని లోపలికొచ్చి
బోర్డు వైపు ఒకసారి చూసి
"వార్నిష్ పొరలు లేస్తోంది" అన్నాడట.
మర్నాటి నుంచి మళ్ళీ వెనక తలుపే.
టీ కెటిల్ అటునుంచే దగ్గర.

ఏడో గుంటని యాభై మూడులో సముద్రం తినేసింది.
పద్నాలుగోది సగం.
ఆయన ఆడిన మైదానమే లేదిప్పుడు,
ఆ అరవై తొమ్మిదిని కొట్టడం ఇక ఎవరి తరమూ కాదు.
పోటు తగ్గాక ఒకసారి వెళ్ళి చూశాను.
గులకరాళ్ళు. ఒంటి చెప్పు. ఇంకేం లేదు.

చరిత్ర పన్నెండు పేజీలు మించొద్దంది కమిటీ,
అందులో రెండు కొత్త కారు పార్కింగుకి.

ఇప్పటి ప్రొఫెషనల్ మెలెరి, ఇరవై తొమ్మిదేళ్ళు.
ముందు తలుపు తాళంచెవి ఆమె మెడలోనే ఉంటుంది.
మొన్న నా ఊపుని తెర మీద ఆపి, పెద్దది చేసి,
"ఎడమ చేతి చివరి రెండు వేళ్ళూ గాలికొదిలేస్తున్నారు.
ఇక్కడి ముసలివాళ్ళందరిదీ ఇదే తప్పు.
ఎవరు నేర్పారు మీకు?" అంది.

మా నాన్న.
పదేళ్ళప్పుడు ఆరు పెన్నీలకి సంచులు మోస్తూ
ఆ షెడ్డు గుమ్మంలో నిలబడి
చూసింది చూసినట్టు నేర్చుకున్నవాడు.
రెండు వేళ్ళు లేవని
ఆయనకి ఎవరూ చెప్పలేదు కాబోలు,
లేక చెప్పినా వినలేదేమో.

"నెల రోజుల్లో సరిచేస్తాను" అంది మెలెరి.
వద్దన్నాను.