గోలీ

జెండా మారాక ఒక్క వానాకాలమే వెళ్ళింది.
నాణెం మీద ఇంకా రాణిగారే;
బాసే రేవులో వేరుశనగ బస్తాకిన్నని
ఆమె ముఖాలే లెక్కపెట్టి ఇచ్చేవారు.

గాంబియాలో ఓటంటే గోలీ.
పీపాలో వేస్తే లోపల గంట ఒక్కసారి మోగాలి.
రాణి ఉండాలా, వద్దా? రెండు పీపాలు.

మేనత్త న్యీమా లోపలికెళ్ళింది.
బయట మేం చెవులు రిక్కించాం.
గంట మోగలేదు.

మూసిన పిడికిలితోనే వచ్చి
నా జేబులో ఏదో జారవిడిచింది.
"వాళ్ళూ వాళ్ళూ తేల్చుకోనీ. నువ్వు ఆడుకో."

రిపబ్లిక్ కొద్దిలో తప్పిందంది రేడియో.

ఐదేళ్ళకి మళ్ళీ పీపాలొచ్చాయి.
పొద్దున్నే అత్త గడపలో నిలబడింది:
"ఏదిరా ఆ గోలీ?"

ఎప్పుడో ఆటలో పోగొట్టాను,
ఏటి అవతలి సుంకారు కొడుక్కి.