మందు తూకం

ముప్పై ఒక్క ఏండ్లు
బర్కత్‌పురా మందుల దుకాణంల కాంపౌండర్‌ను.
రిటైరైనంక మళ్లా మందే వట్టిన చేతుల.
కింది పోర్షన్‌ల ఎట్ల తెలిసిందో ఏమో,
"ఏందక్కా, ఈ వయసుల సార్ మందు మొదలువెట్టిండట!" అని
రత్నమాలను ఆపి అడిగిన్రు.
"ఔ, నిజమే. నీళ్లు కలపడు, సోడా కలపడు,
తలుపేసుకొని తూకమేస్తడు" అన్నదామె.
నవ్వుల పడి పొయ్యిమీది పాలు పొంగిచ్చుకున్నది.

వేట నాకు రాదు.
ఆదివారం రేంజిల కాయితం మీది నల్లచుక్కే నా జింక.
కొన్న తూటాల ధరకు పింఛను జడుస్తుంటే
ఘాన్సీ బజార్ గల్లీల మక్బూల్ ఉస్తాద్ అన్నడు:
"ఖాళీ కారతూస్ పారెయ్యకు మియా,
దాంట్ల ఇంకో జనమ ఉంటది."

పర్మిషన్ కోసం పద్నాలుగుసార్లు ఆఫీసు మెట్లెక్కిన.
"ఎందుకొరకు" అనే గడిల
ఏం రాయాల్నో తోచక
"అలవాటు తప్పకుండ" అని రాసిన.
గుమాస్తా రెండుసార్లు చదివి నా మొకం చూసిండు.

మొదటి నెల ఉస్తాద్ డబ్బా మూతే తియ్యనియ్యలే.
ఇత్తడి గొట్టాలు చింతపండు నీళ్లల్ల తోమిచ్చిండు,
మా అవ్వ బోనాలకు బిందె తోమినట్టు.
ఆరినంక ఒక్కొక్కటి కిటికీ వెలుగుకు వట్టి
మెడకాడ పగులు చూపిచ్చిండు,
వెంట్రుక కన్న సన్నం.
"గిది పక్కకు వెట్టు. అలిసింది.
అలిసినదాన్ని ఇంకోసారి కాలుమంటే
నీ దిక్కే మర్లి కాలుస్తది."

రెండో నెల కుట్టుమిషన్ బల్లకు ప్రెస్సు బిగించిన.
పిడి వంచితే మా పాత వాడకట్టు బోరింగు లెక్క కిర్రుమంటది.
మూడో నెల మూత వచ్చింది.
ఆవగింజల కన్న చిన్నగ, నల్లగ,
వాసనేమో పాత టించర్ సీసాది.
ఫ్యాను బంద్ చేపిచ్చిండు ఉస్తాద్.
"గాలికి గూడ బరువుంటది మియా."
ఆయన చేతులు వణుకుతయి, అందుకే తరాజు ముట్టడు.
ముల్లు నిలిచేదాక నా ఊపిరి ఆయనే బిగబట్టిండు.

ఒకనాడు నడుమల ఫోను మోగింది.
గ్యాస్ బండ వచ్చిందట, లేచి పోయిన.
వచ్చి మిగిలినవి పోసిన, గుండ్లు కూర్చిన, యాభై నింపిన.
తీరా చూస్తే చెంచాల ఒక తూకం మిగిలింది.
అంటే ఈ యాభైల ఒకటి ఉత్తది.
ఏది?
అన్నీ ఒక్కతీరుగ మెరుస్తున్నయి.
ఉత్తది తుస్సుమంటది, గుండు నళిలనే ఇరుక్కుంటది,
ఎనుకొచ్చేది దాన్ని తాకితే
తుపాకి మనిషిని గుర్తువట్టదు.

ఎన్నడో ఒక రంజాన్ నాటి సాయంత్రం, దుకాణం నిండ జనం,
పసిపిల్లగాని సీసాల చుక్కల మందు
ఒకసారి ఏసిన్నా, రెండుసార్లు ఏసిన్నా
అనుమానం వచ్చేసరికి తండ్రి స్కూటర్ కదిలింది.
చెప్పులు గూడ లేకుండ కాచిగూడ చౌరస్తా దాక ఉరికిన.
దొరకలే.
మళ్లా ఎన్నడూ రాలే ఆ మనిషి.
నంబరు చివర డెబ్బై రెండు.

ఉస్తాద్‌కు ఫోను చేసిన. "అన్నీ ఊడదియ్" అన్నడు.
అర్ధరాత్రి దాక ఊడదీసిన.
ముప్పై ఎనిమిదోది ఉత్తది.
దొరికింది గద, ఆగొచ్చు.
ఆగలే. మిగిలిన పన్నెండూ ఊడదీసిన.

అనుమానం కలిసిన మందు మళ్లా డబ్బాల వొయ్యొద్దట,
మన్నుకియ్యాల్నట.
పొద్దుగాల కరివేపాకు కుండీల పలచగ చల్లుతుంటే
రత్నమాల చెంబు పట్టుకొని వచ్చింది.
"మందేసినవా?"
"ఏసిన."
"ఎంత?"
వేళ్లు ముక్కుకాడ వెట్టుకున్న.
"లెక్క తప్పినంత."