పడటం

సండర్‌లాండ్‌లో, చర్చి వెనక హాల్లో
మంగళవారం సాయంత్రాలు జూడో.
హీటరు పనిచెయ్యదు. చాపలు రబ్బరు వాసన.
టీచరు మోరీన్ పగలు బస్సు నడుపుతుంది.

ఆరు వారాలైంది, మా ఇందుజకి
ఒక్క పట్టూ నేర్పలేదు.
పడటమే. వెనక్కి, పక్కకి, మళ్లీ వెనక్కి.
గడ్డం గుండెకి ఆనించి, అరచేత్తో నేలను చరిచి,
ఫట్! ఫట్! పదకొండు మంది పిల్లలు
రేకుల మీద వడగళ్లలా.

బళ్లో ఎవడో తోస్తే ఏడ్చుకుంటూ వచ్చిన పిల్ల ఇది.
తిరిగి తోయడం నేర్పుతారని కదా తెచ్చాను.
ఫీజు కట్టేది పడటానికా అని
ప్లాస్టిక్ కుర్చీలో గొణుక్కున్నాను.

పోయిన వారం ఇంటికొస్తుంటే
పేవ్‌మెంటు మీద కంటికి ఆనని మంచు.
కాలు జారింది. చెయ్యి ఆనించబోయాను,
మణికట్టు కలుక్కుమంది.
సంచీలో గుడ్లూ, నా పరువూ
ఒకేసారి పగిలాయి.

అది నవ్వలేదు. బెదరలేదు.
ఎదురుగా నిలబడి, ముందు నడుం వంచి దణ్ణం పెట్టి
(పడ్డవాళ్లకి పెట్టాలట)
అప్పుడు చెయ్యందించింది:
"అలా ఆనించకూడదు నాన్నా.
నేలని నువ్వే ముందు కొట్టాలి."

పడ్డవాడు చెడ్డవాడు కాదనేది మా అమ్మమ్మ.
మాటలు పడటం గురించే అనుకున్నాను, ఇన్నాళ్లూ.

ఈ మంగళవారం, కట్టు కట్టిన చేత్తోనే
కుర్చీని కొంచెం చాప దగ్గరికి జరుపుకున్నాను.