ఎనిమిదేళ్ళ లంక

యానాం కోర్టులో నేను దుబాసీని.
ఫ్రెంచి ఒక చెవిలో పోస్తే
తెలుగు నోట్లోంచి రావాలి, అంతే ఉద్యోగం.
మధ్యలో నేనేమనుకున్నానో
రాసుకోడానికి రిజిస్టరులో గడి లేదు.

యాభై నాలుగు నవంబరులో
ఒక జెండా దిగింది, ఒకటి ఎక్కింది.
పోలీసు టోపీ మారింది, తపాలా బిళ్ళ మారింది.
ఊరు చేతులు మారింది గాని
కాగితం మారలేదు.
పారిస్‌లో ఏదో సభ చెయ్యెత్తాలట.
ఆ చెయ్యి లేవడానికి ఎనిమిదేళ్ళు.

ఆ ఎనిమిదేళ్ళలోనే
సంగాడి నూకాలు ఎకరంన్నర లంక కొంది.
దస్తావేజు నేనే చదివాను, ఇప్పటికీ కంఠతా వచ్చు:
నిధి నిక్షేప జల తరు పాషాణ సహితంగా
ఆచంద్రార్కం మీరు అనుభవించుకోగలరు.
హద్దులు.
ఉత్తరం, పెమ్మాడి లోవరాజు పుచ్చపాదులు.
పడమర, రెల్లు.
దక్షిణం, రెల్లే.
తూర్పు, గౌతమి.

రాసినవాడికి గోదారి సంగతి తెలీదా?
తెలుసు. ఫీజు పుచ్చుకున్నాడు.

అమ్మినవాడి అన్నకొడుకు దావా వేశాడు,
ఆ అమ్మకం చెల్లదని.
కాకినాడ ప్లీడరు లేచి
ఇది ఇండియా, రిజిస్ట్రేషను ఇండియా చట్టంలో జరగాలన్నాడు.
పుదుచ్చేరి వకీలు, నల్లగౌనుకి తెల్ల పట్టీ,
ఒప్పందం మీద సంతకమైంది, ఆమోదం కాలేదు,
సార్వభౌమత్వం ఇంకా ఫ్రాన్సుదే,
వీళ్ళది ఒట్టి పెత్తనం అన్నాడు.
జడ్జీగారు కళ్ళజోడు తుడుచుకుని
రెండు లాటిన్ మాటలు నా మీదికి విసిరారు.
లాటిన్ నాకెవరు చెప్పారు గనక?
తడుముకుని అన్నాను:
"యానాం నిజంగా ఇచ్చేశారు,
న్యాయంగా ఇంకా ఇవ్వలేదు."

నూకాలు బోనులోంచి నావైపు తిరిగింది.
బయట ఈగలకు వదిలొచ్చిన చేపలబుట్ట తొందర
మొహంలో అలాగే ఉంది.
"నిజం ఒక దొరదీ
నాయం ఇంకో దొరదీనా బాబూ?
మరి నే డబ్బులిచ్చింది ఎవుడికి?"

దీన్ని ఫ్రెంచిలోకి దింపాలి.
దింపాను.
దొర అన్నచోట ప్రభుత్వం,
డబ్బులన్నచోట ప్రతిఫలం.
జడ్జీగారు తలూపి రాసుకున్నారు.
ఆ కాగితంలో నూకాలు లేదు.

వాయిదా. వాయిదా మీద వాయిదా.
ఆ వాయిదాల్లోనే ఆమెకు కొడుకు పుట్టాడు,
ఎదుర్లంక రేవుకి దాటుతూ, నడి ఏట్లో, నాటుపడవలో.
పుట్టుకచీటీకి వచ్చి
"ఏ వూరని రాత్తారు?" అంది.
గుమస్తా ఫ్రెంచి ఫారం తీసి లోపల పెట్టేశాడు,
ఇంగ్లీషు ఫారం తీసి అదీ పెట్టేశాడు.
చివరికి పడవ ఎవరిదో అడిగి
వాడి ఊరు రాశాడు.

అరవై రెండు ఆగస్టులో, వరదనీళ్ళతో పాటు,
న్యాయం కూడా వచ్చింది.
ఫ్రెంచివాళ్ళుగా ఉండిపోదలచినవాళ్ళకి
ఆరునెలలు గడువు.
నా బల్లమీదా పడింది ఒక ఫారం.
చెవిదొక దేశం, నోటిదొక దేశం అయినవాడు
ఏ చేత్తో సంతకం పెడతాడు?
మడిచి జేబులో పెట్టుకున్నాను.

తీర్పు నూకాలు పక్షానే అయింది.
చెప్పడానికి నేనే పడవెక్కి వెళ్ళాను.
వినలేదు సరిగా. తూర్పువైపు చూపించింది.
గౌతమి అవతలికి జరిగి
అరెకరం మేట వేసింది, కొత్త ఒండ్రు,
ఇంకా పాదం దిగబడుతోంది.
ఎవరూ ఎవరికీ ఇవ్వని నేల.
ఒప్పందంలో ముప్ఫై పైచిలుకు అధికరణలు చదివాను నేను,
ఒక్కదాంట్లోనూ దీని ఊసు లేదు.
ఆమె అప్పటికే దోసపాదులు పెట్టేసింది.

"ఇదేటంటారు బాబూ మీ లాటింలో?"

జేబులో ఫారం చెమటకు మెత్తబడింది.
దులిపి ఒక పిందె చేతిలో పెట్టింది,
కొస కొరికి ఊసెయ్యి,
చేదేమో చూసుకుని తిను అంది.